హైస్కూల్ ఆటకి రిపోర్టరు రావాల్సిందే

ఆగస్టు మొదట్లో మా ఊరి పత్రిక నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఈ సీజన్ నుంచి హైస్కూల్ ఆటలకు తమ రిపోర్టరు రాడని, కోచ్‌లే ఆన్‌లైన్ ఫారంలో ఫలితాలు నింపి పంపాలని, అలా పంపినవన్నీ వేస్తామని అందులో ఉంది. మేముండేది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న పట్నం. మా అమ్మాయి ఇక్కడి హైస్కూల్ క్రాస్‌కంట్రీ జట్టులో పరిగెడుతుంది.

ఆ వారాంతం నాలుగు తెలుగు కుటుంబాలం కలిసినప్పుడు ఈ సంగతి ఎత్తాను. "అయితే ఏంటన్నా? స్కోరు యాప్‌లో వస్తుంది, ఆట లైవ్‌లో వస్తుంది, ఫొటోలు మనమే తీసుకుంటాం. ఇంక పేపరాయన వచ్చి చేసేదేముంది?" అన్నాడు మాలో చిన్నవాడైన ఒక తమ్ముడు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడ సగం సగం జవాబు చెప్పాను, ఈలోగా పిల్లలు ఆకలంటూ వచ్చేశారు. నా పూర్తి జవాబు ఇది.

స్కోరు కోసమైతే పత్రిక అక్కర్లేదు. ఆడే పిల్లలకు గానీ, స్కూలుకు గానీ, కోచ్‌కు గానీ ఏమీ కాని మనిషి ఒకరు వచ్చి, మొదటి నుంచి చివరిదాకా ఆట చూసి, చూసింది రాయాలి. పత్రిక కావాల్సింది అందుకు. ఆ ఒక్క పనీ ఇప్పుడు ఇంకెవరూ చేయడం లేదు.

ఐదో అమ్మాయి

క్రాస్‌కంట్రీ చూడనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. ఒక్కో జట్టు నుంచి ఏడుగురు 5 కిలోమీటర్లు పరిగెడతారు. జట్టులో ముందుగా వచ్చిన ఐదుగురి స్థానాలు కూడతారు, మొత్తం ఎవరికి తక్కువ ఉంటే వాళ్లు గెలిచినట్టు. మొదటి అమ్మాయి అందరికంటే ముందొచ్చినా, ఐదో అమ్మాయి బాగా వెనకబడితే జట్టు పోయినట్టే.

నిరుడు అక్టోబరులో జరిగిన పోటీలో మా జట్టు రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. పరుగు అయిపోయిన కాసేపటికే ఫలితాలు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. తల్లిదండ్రులం ఫొటోల కోసం మొదట వచ్చిన అమ్మాయి చుట్టూ చేరాం. పత్రిక తరఫున వచ్చే పెద్దాయన మాత్రం అక్కడ లేడు. రిటైరయ్యాక పార్ట్‌టైంగా రాసేవాడాయన. పరుగు జరుగుతున్నంతసేపూ ఫినిష్ లైన్ దగ్గర కాకుండా, గుట్ట దిగాక వచ్చే చివరి మలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు గడ్డిలో కూలబడి స్పైక్స్ విప్పుకుంటున్న మా ఐదో అమ్మాయి దగ్గరికి వెళ్లి, మోకాలి మీద కూర్చుని, "ఆ మలుపు దగ్గర నువ్వు ఏం చూస్తున్నావు?" అని అడుగుతున్నాడు. ముందున్న అమ్మాయి జడకున్న ఎర్ర రిబ్బన్ చూస్తున్నానంది ఆ పిల్ల. అది దాటేస్తే చాలు, ఆ తర్వాత పడిపోయినా ఫర్వాలేదనుకుందట. ఆయన నోట్‌బుక్ తిప్పి పెన్ను చేతికిచ్చి పేరు తననే రాయమన్నాడు, తప్పు పడకుండా.

ఆ వారం పత్రికలో చదివాక గానీ మాకు అసలు విషయం తెలియలేదు. చివరి మలుపు తర్వాత ఆ అమ్మాయి ఇద్దరిని దాటింది. వాళ్లలో ఒకరు రెండో స్థానంలో ఉన్న జట్టు ఐదుగురిలో ఒకరు. దాటకపోయి ఉంటే మా మొత్తానికి రెండు కలిసేవి, వాళ్ల మొత్తంలోంచి ఒకటి తగ్గేది. ఒక్క పాయింటుతో ఓడిపోయేవాళ్లం. ఆ అంకెలన్నీ యాప్‌లో ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసిన ఎవరికీ ఆ అమ్మాయి కనబడలేదు. మొదటి నుంచి అక్కడే ఉన్న మాకూ కనబడలేదు, ఎందుకంటే మేం ఎవరి పిల్లను వాళ్లం చూసుకుంటున్నాం. తల్లిదండ్రులు అలాగే చూస్తారు, అలాగే చూడాలి కూడా. అందుకే అలా చూడని మనిషి ఒకరు కావాలంటున్నాను.

యంత్రం రాస్తే సరిపోదా

2017లో వాషింగ్టన్ పోస్ట్ తన చుట్టుపక్కల హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటలకు హీలియోగ్రాఫ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వార్తలు రాయించింది. 2023 ఆగస్టులో, దేశంలో అందరికంటే ఎక్కువ పత్రికలున్న గానెట్ సంస్థ లీడ్‌ఏఐ అనే కంపెనీ సాయంతో అదే పని చేసింది. కొలంబస్ డిస్పాచ్ వెబ్‌సైట్‌లో వచ్చిన ఒక సాకర్ వార్త అప్పట్లో ఊరూవాడా తిరిగింది. గెలిచిన జట్టు మస్కట్ పేరు (టైగర్స్, ఈగిల్స్ లాంటి జట్టు ముద్దుపేరు) ఉండాల్సిన చోట, పేరుకు బదులు 'గెలిచిన జట్టు మస్కట్' అన్న గుర్తు బ్రాకెట్లతో సహా వచ్చేసింది. ఓడిన జట్టుకూ అంతే. గానెట్ ఆ ప్రయోగాన్ని ఆపేసింది.

నా వాదనకు ఈ సంఘటనను ఆధారం చేసుకోను. బ్రాకెట్లు మిగిలిపోవడం సరిచేయగలిగిన తప్పు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ చక్కటి వాక్యాలు రాస్తుంది, రేపు ఇంకా బాగా రాస్తుంది. అయినా దాని చేతిలో ఉండేది స్కోర్‌షీటే. అంకెల్ని వాక్యాలుగా మార్చి ఇస్తుంది. ఎర్ర రిబ్బన్ స్కోర్‌షీట్‌లో ఉండదు. కోచ్ నింపే ఫారంలోనూ ఉండదు, ఎందుకంటే ఆ సమయానికి కోచ్ ఫినిష్ లైన్ దగ్గర స్థానాలు రాసుకుంటూ ఉంటాడు.

పత్రికలవాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ మెడిల్ జర్నలిజం స్కూల్ లెక్క ప్రకారం 2005 తర్వాత ఈ దేశంలో 3,200కు పైగా పత్రికలు మూతపడ్డాయి. అంటే అప్పుడున్న వాటిలో మూడో వంతుకు మించి. ప్రెస్సులు మూసేసి ఎక్కడో దూరాన అచ్చు వేయిస్తుంటే డెడ్‌లైన్ ముందుకు జరుగుతుంది, రాత్రి ఆట పొద్దున పేపరుకు అందదు. 2022 మార్చి నుంచి గానెట్ తన 136 పత్రికలకు శనివారం అచ్చు ప్రతి ఆపేసింది. హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేది శుక్రవారం రాత్రి. తరాలుగా శనివారం పొద్దున పేపరు ఆ ఆటల కోసమే తెరిచేవాళ్లున్నారు.

ఆ శుక్రవారం రాత్రికి ఈ దేశం ఇచ్చిన విలువ చూడండి. 1961 నాటి స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణ కలిసి, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్యదాకా శుక్రవారం సాయంత్రం 6 దాటాక, హైస్కూల్ ఆట జరిగే చోటికి 75 మైళ్లలోపు ఉన్న స్టేషన్ నుంచి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ప్రసారం చేస్తే, జట్లన్నిటి ప్రసార హక్కుల్ని కలిపి అమ్ముకోవడానికి ఆ లీగ్‌కున్న చట్టపరమైన రక్షణ పోతుందన్నాయి. కోట్ల డాలర్ల లీగ్ బడిపిల్లల ఆట కోసం ఒక రాత్రి పక్కకు తప్పుకోవాలని చట్టసభే అనుకుంది. అలాంటి ఆటకు, ఆ ఊరి పత్రిక ఒక్క మనిషిని పంపలేకపోవడం నాకు మింగుడుపడడం లేదు.

వీడియో వేరు, వార్త వేరు

2008లో విస్కాన్సిన్‌లో యాపిల్టన్ పత్రిక పోస్ట్-క్రెసెంట్ కొన్ని హైస్కూల్ ప్లేఆఫ్ ఆటలను తన వెబ్‌సైట్‌లో లైవ్‌గా చూపించింది. ప్రసార హక్కులు మావి, అప్పటికే వేరే కంపెనీకి ఇచ్చాం అంటూ ఆ రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం కోర్టుకు వెళ్లింది. 2011లో ఫెడరల్ అప్పీల్ కోర్టు సంఘం పక్షానే తీర్పిచ్చింది. పత్రికల హక్కు పోయిందని చాలామంది బాధపడ్డారు. నాకు మాత్రం ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. ఆట మొత్తాన్ని ప్రసారం చేసే హక్కు సంఘానిదే కావచ్చు, కానీ ఆ ఆట గురించి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని ఆ తీర్పే ఒప్పుకుంది.

2013లో ఇలాంటి రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘాల జాతీయ సమాఖ్య సొంత స్ట్రీమింగ్ నెట్‌వర్క్ పెట్టుకుంది. చాలా జిమ్ముల్లో ఇప్పుడు గోడకు బిగించిన కెమెరా ఉంటుంది, బంతి ఎటు పోతే అటే తిరుగుతుంది. అది మంచిదే. మా మిత్రుల అబ్బాయి ఇక్కడ రాత్రి బాస్కెట్‌బాల్ ఆడుతుంటే, గుంటూరులో వాళ్ల నాయనమ్మ పొద్దున్నే కాఫీ తాగుతూ చూస్తుంది. ఆ ఆనందాన్ని నేను కాదనను. అయితే బంతి వెంట తిరిగే కెమెరాకు బెంచీ చివర మోకాలికి ఐస్ పెట్టుకుని కూర్చున్న పిల్లవాడు కనబడడు. కామెంటరీ చెప్పేది స్కూలు మనిషే. ఈ వారం అసిస్టెంట్ కోచ్ ఎందుకు రాలేదో తెలిసినా చెప్పడు. చెప్పడం అతని పని కాదు.

బయటి మనిషి లేకపోతే ఏమవుతుందో 2021లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఆగస్టు 29న ఈఎస్‌పీఎన్ ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటను దేశమంతటికీ చూపించింది. ఐఎంజీ అకాడెమీ 58-0తో గెలిచింది. ఓడిన జట్టు ఒహైయోకు చెందిన 'బిషప్ సికమోర్'. అది రెండు రోజుల ముందే ఇంకో ఆట ఆడి వచ్చింది. ఆ వయసు పిల్లలు అలా ఆడితే ప్రమాదమని ఫుట్‌బాల్ తెలిసిన ఎవరైనా చెబుతారు. అసలు అలాంటి స్కూలు ఉందా అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. అదంతా మోసమేనని ఆ డిసెంబరులో ఒహైయో విద్యాశాఖ నివేదిక తేల్చింది. నాకు ముఖ్యమనిపించింది ఇది: ఆ 'స్కూలు'కు ముందు అవే మనుషులు నడిపిన సంస్థ గురించి కొలంబస్ శివార్లలో చిన్న వారపత్రికల రిపోర్టరు 2018లోనే రాశాడు. అంత పెద్ద టీవీ సంస్థకు, దాని కెమెరాలకు, దాని డేటాకు అందనిది, ఊళ్లో తిరిగే మనిషికి మూడేళ్ల ముందే అందింది.

మన జిల్లా పేజీలతో పెరిగినవాళ్లకు నేను చెప్పేది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. బడిపిల్లల ఆటలకు మన దగ్గర దొరికినంత జాగా చాలా చోట్ల దొరకదు. కానీ అందులో వచ్చే వార్త ఎక్కువగా ఎలా ఉంటుంది? 'రాష్ట్రస్థాయి ఖోఖో పోటీలకు విద్యార్థినుల ఎంపిక.' ఫొటోలో హెచ్‌ఎం, పీఈటీ, ముఖ్య అతిథి కుర్చీల్లో ఉంటారు, పిల్లలు వెనక వరసలో. ముఖ్య అతిథి ఏమన్నారో నాలుగు వాక్యాలు. ఫైనల్లో చివరి నిమిషంలో ఎవరు ఎవరిని ఔట్ చేశారో ఒక్క ముక్క ఉండదు. ఇందులో కంట్రిబ్యూటర్ తప్పు వెతకను, వాళ్లకు ముట్టేది ఎంతో అందరికీ తెలుసు. వార్త నిర్వాహకుల నుంచి వచ్చినప్పుడు నిర్వాహకులే వార్తవుతారు. మా ఊరి పత్రిక ఇప్పుడు కోచ్‌లకిచ్చిన ఆన్‌లైన్ ఫారం కూడా అక్కడికే దారితీస్తుంది.

నన్ను ఆపే ప్రశ్నలు

మొదటిది పిల్లల వయసు. పదిహేనేళ్ల పిల్లవాడు పెనాల్టీ వదిలేస్తే ఆ పేరు ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉండిపోవాలా? మా అమ్మాయే అడిగింది, "నాన్నా, నేను లాస్ట్ వస్తే కూడా రాస్తారా?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానం లేక చాలా ఆలోచించాను. ఎన్నో ఏళ్లుగా హైస్కూల్ ఆటలు రాసినవాళ్లు చాలామంది ఒక పద్ధతి పాటిస్తారు. గెలిపించిన షాట్ ఎవరిదో రాస్తారు, ఓడించిన తప్పు ఎవరిదో రాయరు. ప్రొఫెషనల్ ఆటగాడిని తిట్టినట్టు పిల్లల్ని తిట్టరు. ఇలా రాస్తే నిజం సగమే చెప్పినట్టు కాదా అంటే, కొంత అవును. ఆ సగంతో నాకు పేచీ లేదు. పిల్లల విషయంలో మెత్తగా ఉండొచ్చు. కోచ్, ప్రిన్సిపాల్, స్కూల్ బోర్డు, క్రీడల సంఘం పెద్దవాళ్లు, జీతాలు తీసుకునేవాళ్లు. వాళ్లను అడగాల్సింది అడగాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ సమాఖ్య, కోచ్‌ల లైంగిక వేధింపుల మీద తన దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్ని ఎలా తొక్కిపెట్టిందో 2016లో బయటపెట్టింది ఇండియానాపోలిస్ స్టార్. అదీ ఒక ఊరి పత్రికే. ఆ కథనం చదివాకే ఒక మాజీ జిమ్నాస్ట్ ఆ పత్రికకు రాసింది, జట్టు డాక్టరు చేసిన ఘోరం అలా వెలుగులోకి వచ్చింది. అది స్కూల్ జట్టు సంగతి కాదు, నిజమే. కానీ పిల్లల ఆటల చుట్టూ ఉన్న పెద్దవాళ్లను ప్రశ్నించేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. మ్యాచ్‌కు ఎప్పుడూ రాని రిపోర్టరుకు అలాంటి కబురు మోసుకొచ్చేదెవరు?

రెండోది మా ఆవిడ వేసింది. "రిపోర్టరు వచ్చిన రోజుల్లో మాత్రం ఆడపిల్లల వాలీబాల్ గురించి ఎంత రాశారు? సగం పేజీ ఫుట్‌బాలే కదా" అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. స్కూళ్లలో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలన్న టైటిల్ నైన్ చట్టం 1972లోనే వచ్చింది. మైదానం మారినంత వేగంగా స్పోర్ట్స్ పేజీ మారలేదు. టెన్నిస్, క్రాస్‌కంట్రీ, ఈత లాంటివాటికి ఎప్పుడూ మూలన రెండు లైన్లే. మన పిల్లలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఇక్కడి స్థానిక పత్రికల్లో మన పిల్లల ఫొటోలు ఎక్కువగా పడింది స్పెల్లింగ్ బీ వల్ల. ఆ పోటీ పుట్టిందే పత్రికల చేతుల్లో. 1925లో లూయీవిల్ కొరియర్-జర్నల్ ఇంకొన్ని పత్రికల్ని కలుపుకొని మొదలుపెట్టింది. అంటే ఒక పత్రిక తలుచుకుంటే, ఎవరూ పట్టించుకోని పిల్లల పోటీని కూడా దేశం చూసేలా చేయగలదు. వాలీబాల్ విషయంలో ఆ పని జరగలేదు.

ఈ అభ్యంతరం నా వాదనను కొంత దెబ్బతీస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఒకటి చెబుతాను. ఆ పెద్దాయన్ని మైదానం దగ్గర పట్టుకుని "ఏమండీ, మా అమ్మాయిల రేసుకు రారా?" అని ఒక తల్లి అడిగింది. ఆయన వచ్చాడు. ఐదో అమ్మాయి కథ అలా వచ్చిందే. మనిషైతే మొహమాటపడతాడు, మనసు మార్చుకుంటాడు. ఫారాన్ని ఎవరు అడగగలరు?

ఇంకోటి, పేపర్లో పేరు పడితే పిల్లలకు టెన్షన్, తల్లిదండ్రులకు పోటీ పెరుగుతాయని. అవి పెంచేది కాలేజీ జట్ల కోసమని పద్నాలుగేళ్ల పిల్లలకు స్టార్లు వేసే రిక్రూటింగ్ సైట్లు. ఊరి పత్రిక ఐదో అమ్మాయి గురించి రాస్తే పెరిగే పోటీ ఏమీ లేదు.

ఎవరి డబ్బుతో

అసలు చిక్కు ఇక్కడుంది. ఈమెయిల్ వచ్చాక మా స్కూల్ బూస్టర్ క్లబ్‌లో ఒక ప్రతిపాదన వచ్చింది. జట్ల యూనిఫాంలకు, బస్సులకు తల్లిదండ్రులు చందాలేసి నడిపే క్లబ్ అది. పత్రికకు మనమే సీజన్‌కింతని ఇద్దాం, ఆ డబ్బుతో రిపోర్టరును పంపుతారు అని. చాలామందికి నచ్చింది. మంచి మనసుతో పెట్టిన ప్రతిపాదనే. నేను ఒప్పుకోలేదు. మన చెక్కుతో వచ్చే మనిషి మన మనిషే అవుతాడు. మన కోచ్ మీద ఫిర్యాదు వస్తే అతను ఏం రాస్తాడు? పక్క స్కూల్లో అంత స్తోమతు ఉన్న క్లబ్ లేకపోతే ఆ పిల్లల ఆట ఎవరు చూస్తారు?

స్కూల్ పత్రికలో పిల్లలే రాస్తారుగా అన్నారు ఇంకొకరు. రాయాలి, నేర్చుకోవాలి. కానీ 1988లో హేజిల్‌వుడ్ కేసులో సుప్రీంకోర్టు, స్కూల్ పత్రికలో ఏం రావాలో స్కూలు అధికారులు నియంత్రించవచ్చని తీర్పిచ్చింది. ప్రిన్సిపాల్ ఆపగలిగిన పత్రిక, ప్రిన్సిపాల్‌కు చెందని మనిషి చేసే పని చేయలేదు.

ఎడిటర్‌కు ఉత్తరం రాశాను. అన్ని ఆటలకూ మనిషిని పంపమనలేదు. స్కోర్లు ఫారం ద్వారానే తీసుకోండి, వారానికి ఒక్క ఆటకు మాత్రం మనిషిని పంపండి, ఒక వారం ఫుట్‌బాల్ అయితే తర్వాతి వారం వాలీబాల్, ఆ తర్వాత ఈత, ఇలా అన్నీ వంతుల వారీగా రావాలి అన్నాను. ఆవిడ వెంటనే జవాబిచ్చింది. దానికి కొత్తగా ఎంతమంది చందాదారులు కావాలో లెక్క వేసి పంపుతానంది. 2023–24లో ఈ దేశంలో హైస్కూల్ ఆటల్లో పాల్గొన్నవారి లెక్క మొదటిసారి 80 లక్షలు దాటింది. మా ఒక్క స్కూల్లోనే ఏదో ఒక ఆట ఆడే పిల్లలున్న ఇళ్లు వందల్లో ఉంటాయి. మన తెలుగు ఇళ్లు చాలావాటిలో కోచింగ్‌కు నెలనెలా వందల డాలర్లు పోతాయి, ఊరి పత్రికకు మాత్రం చందా ఉండదు.

బూస్టర్ క్లబ్ మళ్లీ కలిసేది సెప్టెంబరులో. క్లబ్ పేరు మీద చెక్కు వద్దని, ప్రతి ఇల్లూ తమ పేరు మీద తామే చందా కట్టాలని అడగబోతున్నాను. చందాదారుగా కట్టిన డబ్బుకు రిపోర్టరు ఏ జట్టుకూ బాకీపడడు, నచ్చకపోతే ఎడిటర్‌తో పోట్లాడే హక్కు ఆ ఇంటికి ఉంటుంది. మా ఆవిడ వాలీబాల్ తల్లుల్ని కూడగడతానంది. వంతుల్లో మొదటి వారం వాళ్లదే కావాలన్నది ఆమె షరతు. అది కూడా ఉత్తరంలో చేర్చి ఎడిటర్‌కు మళ్లీ పంపాను.